ప్రశ్నకు జవాబు ఎంతసేపట్లో వస్తుంది?



అండమాన్‌లోని హాడోలో ఒక విద్యార్థి తన తరగతి గదినుంచి చెన్నైలోని అధ్యాపకుణ్ణి ప్రశ్న అడిగాడనుకోండి. అది భూస్థిర ఉపగ్రహం ద్వారా వెళితే, సుమారు 36,000 కిలోమీటర్లు పైకెక్కి మళ్లీ దిగాలి. జవాబుదీ అదే దారి. మొత్తం దాదాపు 1,44,000 కిలోమీటర్లు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల చొప్పున చూస్తే సుమారు అర సెకను.

2020 ఆగస్టు 10న చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. దీవుల మధ్య శాఖలతో కలిపి దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. గాజుపోగులో కాంతి సెకనుకు రమారమి 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. అయినా ఆ పొడవంతా వెళ్లి తిరిగి రావడానికి సెకనులో నలభయ్యో వంతు కూడా పట్టదు. లెక్క కట్టి చూడండి.

నిజానికి అర సెకను ఆలస్యం ఏ పాఠాన్నీ చెడగొట్టదు. తిరిగి అడిగే దారి లేకపోవడమే చెడగొడుతుంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు జరిగిన ‘సైట్’ ప్రయోగంలో ఏటీఎస్-6 ఉపగ్రహం మన ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించింది. పిల్లలు చూశారు, విన్నారు. ఆ పెట్టెను ప్రశ్నించలేకపోయారు. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుంచి ఎగిరిన ఎడ్యుశాట్ కొన్ని తరగతులకు ఆ వీలు కల్పించింది.

కేబుల్ ఒడ్డు చేరినంతమాత్రాన పాఠం బల్లదాకా చేరదు. పాఠాన్ని ముందే చూసుకునే తీరిక ఉపాధ్యాయునికి ఉండాలి. ప్రొజెక్టరు మొరాయిస్తే బాగుచేసే మనిషి దగ్గరలో ఉండాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు శాస్త్ర పదాలు తెలుగులో కూడా వినబడాలి. తెరలు కొనేముందు వీటికి ఖర్చు పెట్టమంటాను నేను.

హాడో అంటే ఓడరేవు గదా! అక్కడ చేయదగిన పాఠం ఒకటి చెబుతాను. ఉపాధ్యాయుని వెంట సురక్షితమైన ఒడ్డుకు వెళ్లి, సెంటీమీటర్ల గుర్తులున్న కర్రతో రోజూ ఒకే వేళకు నీటిమట్టం కొలవండి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు వెనకబడుతుంది. అందుకు చంద్రుని గమనం కారణం. పదిహేను రోజుల తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే ఆటుపోట్ల అంచనాలతో మీ హెచ్చుతగ్గులను పోల్చండి. రెండూ అచ్చంగా సరిపోవు. గాలి, వాతావరణ పీడనం కూడా నీటిని ఎత్తుతాయి, దించుతాయి. ఏ రోజు తేడా ఎక్కువ వచ్చిందో గుర్తుపెట్టి, ఎందుకని మీ మాస్టారిని అడగండి. ఆయనకూ అంతుపట్టకపోతే, ఇద్దరూ కలిసి హైదరాబాద్‌కు రాయండి.