పూతకు ముందు బెట్ట

ధనుర్మాసములో తెల్లవారుజామున నూజివీడు నుండి ఏ దారిని బయలుదేరినను ఇరువైపుల మామిడితోటలే కానవచ్చును. బంగినపల్లి, చిన్న రసము, పెద్ద రసము, కలెక్టరు, అన్నియు మంచులో మౌనముగా పూతకు సిద్ధపడుచుండును. వాకిళ్లలో ముగ్గులు పెట్టు ఇల్లాండ్రు, ఇంటింటికి తిరుగు హరిదాసులు, పాలకేంద్రమునకు పోవు రైతులు మాత్రమే ఆ వేళ మేలుకొని యుందురు. వారి నడుమ చెమటలు కార్చుచు పరుగెత్తు నలుగురు మనుష్యులము మేము. మొదట మమ్ము చూచినవారు "ఏమైందండీ, ఎక్కడికి ఆ పరుగు?" అని కంగారుగా అడిగెడివారు. ఇప్పుడు అడుగుట మానిరి. మా పరుగు మారథాన్ పందెము కొరకు. మొదటిసారి ఆ పందెమునకు సిద్ధపడు శ్రోతలకును, అట్టివారితో ఒకే ఇంట నివసించు వారికిని, చివరి మూడు వారములను గూర్చి మేము నేర్చుకొన్న సంగతులను మనవి చేయుటయే ఈ ప్రసంగ ఉద్దేశము.

మారథాన్ దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. నూజివీడులో బస్సెక్కి, ఆగిరిపల్లి, నున్న మీదుగా విజయవాడలో దిగువారు ఇంచుమించు అంత దూరము ప్రయాణము చేయుదురు. 1896లో ఏథెన్సు నగరమున ఆధునిక ఒలింపిక్ క్రీడలు ఆరంభమైనప్పుడు ఈ పందెము సుమారు 40 కిలోమీటర్లు మాత్రమే. దానిని స్పిరిడాన్ లూయిస్ అను గ్రీకు దేశీయుడు గెలిచెను. 1908లో లండను క్రీడలలో విండ్సర్ కోట నుండి క్రీడారంగము వరకు నడచిన పందెము నుండి నేటి దూరము వచ్చినది. 1921లో దానిని స్థిరపరచిరి.

ఈ పందెమునకు మూలమైన కథ అందరు ఎరిగినదే. మారథాన్ యుద్ధములో గెలుపు వార్తను మోసికొని ఏథెన్సుకు పరుగెత్తి వచ్చిన భటుడు, ఆ వార్త చెప్పి ప్రాణము విడిచెనందురు. చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసినది ఇది కాదు. అతడు వ్రాసినది సాయము కోరుటకై ఏథెన్సు నుండి స్పార్టాకు పరుగెత్తిన వార్తాహరుని గూర్చి. మారథాన్ నుండి వచ్చి మరణించిన కథ శతాబ్దుల తరువాతి గ్రంథములలో కానవచ్చును. రెండు కథలను కలిపి చెప్పువారు, స్పార్టాకు పోయివచ్చినవాడే వెంటనే మారథాన్ నుండి కూడ పరుగెత్తెనని చెప్పుదురు. అది కల్పనయే కావచ్చును. కాని ఆ కల్పనలో ఒక హెచ్చరిక ఉన్నది. మొదటి అలసట తీరకమునుపే రెండవ పరుగు పరుగెత్తినవాని కథ అది.

మన తెలుగువారికి హైదరాబాదులో ఆగస్టు మాసమున మారథాన్ జరుగుచున్నది. ముంబయిలో 2004 నుండి జరుగుచున్న పందెము సాధారణముగా జనవరి మూడవ ఆదివారమున వచ్చును. చల్లని ఉదయములలో సాధన సాగునని మేము ముంబయిని ఎంచుకొంటిమి. మూడవ ఆదివారము 15వ తేదీకి ముందు రాదు. కనుక క్రిస్మస్ మొదలు సంక్రాంతి దాటువరకు గల దినములే మాకు చివరి మూడు వారములు. మామిడి పూతకును అదే అదను.

అంతకుముందు నాలుగైదు మాసముల సాధన జరిగియుండవలెను. మెల్లమెల్లగా దూరము పెంచుకొనుచు, పందెమునకు మూడు వారముల ముందు ఒక ఆదివారము 30 కిలోమీటర్లో, అంతకు కొంచెము ఎక్కువయో పరుగెత్తుదురు. అదియే సాధనలో మిక్కిలి పొడవైన పరుగు. మొదటిసారి పోవువారిలో చాలమంది పందెపు దినమునకు ముందు 42 కిలోమీటర్లు పరుగెత్తనే పరుగెత్తరు. అక్కడనే భయము మొదలగును. ముప్పదికి మిగిలిన పండ్రెండు ఎట్లు పూర్తియగును? ఇంకొక్క పెద్ద పరుగు చేసికొన్నచో ధైర్యముగా నుండును గదా? ఈ ప్రశ్న వేసికొననివాడు మాలో ఒక్కడును లేడు.

దీనికి శాస్త్రము చెప్పు సమాధానము తిన్ననిది. సాధన వలన బలము పరుగెత్తునప్పుడు రాదు. పరుగు తరువాతి విశ్రాంతిలో వచ్చును. పెద్ద పరుగులో కండరముల నారలు సూక్ష్మముగా దెబ్బతినును. శరీరము వాటిని బాగుచేసికొని, మునుపటికంటె గట్టిపరచుకొనుటకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టును. పందెము పది దినములలో ఉన్నదనగా చేసిన పెద్ద పరుగు ఫలము పందెమునకు అందదు. దాని అలసట మాత్రము తప్పక అందును. 2007లో వెలువడిన ఒక శాస్త్రీయ సమీక్ష 27 పరిశోధనలను కలిపి పరిశీలించినది. పందెమునకు ముందు రెండు వారములపాటు సాధన పరిమాణమును నూటికి 41 నుండి 60 పాళ్లు తగ్గించి, వేగమును మాత్రము తగ్గింపకుండుట మేలని అందు తేలినది. వారమునకు 60 కిలోమీటర్లు పరుగెత్తువాడు మొదటి వారము 45, రెండవ వారము 30, పందెపు వారము 15 కిలోమీటర్లకు దిగిన చాలును. పరుగు దినములను ఒక్కసారిగా మానివేయరాదు. ప్రతి పరుగును చిన్నది చేసి, నడుమ కొద్ది నిమిషములు పందెమునాటి వేగముతో పరుగెత్తవలెను.

ఇంత తెలిసియు మాలో ఒక మిత్రుడు మొదటి ఏడు పొరబడెను. అతడు మామిడి రైతు. పెద్ద పరుగు పెట్టుకొన్న ఆదివారమున అతని తోటలో తేనెమంచు పురుగు కనబడినది. పూత మీద ఆ పురుగు పట్టినచో ఏటి పంట పోవును గనుక అతడు మందు కొట్టించు పనిలో ఉండిపోయెను. ఆ లోటు అతని మనస్సును తొలిచినది. "ముప్పై కిలోమీటర్లు ఎగ్గొట్టి పందేనికి ఎట్లా పోతామండీ?" అని మాతో అనెను. వలదంటిమి. పందెమునకు తొమ్మిది దినములున్నదనగా, మాకెవరికి చెప్పక, చీకటితోనే లేచి ఆ ముప్పది కిలోమీటర్లను ఒంటరిగా పూర్తిచేసెను. ఇరువది అయిదవ కిలోమీటరు దగ్గర పిక్క పట్టినది. అయినను ఆగలేదు. మరునాటికి కాలు నేల మోపలేకపోయెను. కండరము చినిగినదని వైద్యుడు చెప్పెను. రైలులో అతని చోటు ఖాళీగానే ముంబయి చేరినది.

తరువాత మేము చూడబోయినప్పుడు అతడు తోటలో మంచముపై కాలు చాపుకొని కూర్చుండి యుండెను. "డిసెంబరులో తోటకు నీళ్లు పెట్టే వెర్రివాణ్ణి ఇంతవరకు చూడలేదండీ. నా కాలికి నేనే పెట్టుకున్నాను" అని నవ్వెను. నవ్వెనే గాని కన్నులలో నీరు నిలిచినది.

మామిడి సేద్యము తెలియని శ్రోతల కొరకు ఆ మాటను వివరించవలెను. వానలు వెనుకపట్టిన తరువాత పూత వచ్చువరకు కాపు చెట్టుకు నీరు పెట్టరు. దీనిని బెట్ట అందురు. ఆ బెట్టలో చెట్టు కొత్త కొమ్మలు వేయుట మాని, అంతవరకు ఆకులలో, రెమ్మలలో కూర్చుకొన్న బలమును పూతకు మళ్లించును. జాలిపడి నీరు పెట్టినను, అకాలపు వాన కురిసినను, పూత రావలసిన చోట ఆకు చిగురు వచ్చును. చెట్టు చూచుటకు పచ్చగా, కళకళలాడుచు నుండును. కాయ మాత్రము ఉండదు. పిందె బఠాణీ గింజంత అయిన తరువాతనే మరల తడి పెట్టుదురు. చివరి మూడు వారముల విశ్రాంతియు అట్టిదే. చూచువారికి సోమరితనమువలె కనబడును. లోపల జరుగవలసిన పని అప్పుడే జరుగుచుండును.

ఈ బెట్ట కాలములో శరీరము వింతగా ప్రవర్తించును. కాళ్లు బరువెక్కినట్లుండును. లేని నొప్పులు మోకాలిలో, మడమలో తోచును. నిద్ర సరిగా పట్టదు. చిన్నమాటకే కోపము వచ్చును. ఇంటివారు దీనిని ఎరిగి కొంత ఓర్చుకొనవలెను. బరువు ఒకటి రెండు కిలోలు పెరుగవచ్చును. అది క్రొవ్వు కాదు. పరుగు తగ్గినప్పుడు కండరములు గ్లైకోజన్ అను శక్తి పదార్థమును నిలువచేసికొనును. ఒక్కొక్క గ్రాము గ్లైకోజన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు చేరును. ఆ నిలువ తరిగిపోవుట చేతనే చాలమందికి 30వ కిలోమీటరు దాటగానే కాళ్లు కదలక నిలిచిపోవును. కనుక ఆ బరువును చూచి భోజనము తగ్గించుకొనుట తప్పు.

ఇక సంక్రాంతి భోజనము. పందెమునకు చివరి రెండు దినములలో పిండిపదార్థము ఎక్కువ కావలెను. శరీరపు బరువులో కిలోకు దినమునకు 10 గ్రాముల వంతున అని లెక్క. 60 కిలోల మనిషికి 600 గ్రాములు. 100 గ్రాముల అన్నములో సుమారు 28 గ్రాముల పిండిపదార్థముండును. అంతయు అన్నముతోనే తీర్చవలెనన్న రెండు కిలోలకు పైగా తినవలెను. అది సాధ్యము కాదు. అన్నమును, ఇడ్లీని, అరటిపండును, బెల్లము వేసిన పానకమును దినమంతయు కొంచెము కొంచెముగా సర్దుకొనవలెను. అరిసెలో బియ్యపుపిండి, బెల్లము ఉన్నవి గాని నూనెయు ఉన్నది. ఒకటితో తృప్తిపడుట మంచిది. సున్నుండలు, గారెలు, ఆవకాయ, ఆకుకూరపప్పు మంచివే యైనను, కడుపులో ఆలస్యముగా కదలును. వాటిని పందెము ముగిసిన తరువాతికి దాచిపెట్టుమని ఇంట చెప్పుకొనవలెను. దాచిపెట్టు అమ్మయో, అక్కయో, ఇల్లాలో ఉన్నవాడు అదృష్టవంతుడు.

నీటిని గూర్చి ఒక హెచ్చరిక. ఎంత ఎక్కువ త్రాగిన అంత మేలని చాలమంది నమ్ముదురు. 2002లో బోస్టన్ మారథాన్ పూర్తిచేసినవారిలో 488 మంది రక్తమును పరీక్షింపగా, నూటికి 13 మందిలో ఉప్పు పాలు ఉండవలసినదానికంటె తగ్గియుండెను. త్రోవపొడవున మితిమీరి త్రాగుట అందుకు ముఖ్యకారణము. అట్టి స్థితి ప్రాణాంతకమును కాగలదు. దప్పిక అయినప్పుడు త్రాగవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ పెద్ద పరుగులలో మాకు బాగుగా పనికివచ్చినది. ముంబయి గాలిలో సముద్రపు తేమ ఉండును. మన పుష్యమాసపు చలిలో కుదిరిన వేగము అక్కడ కుదరదు. పైగా తిరుగుదారిలో, కాళ్లు అలసిన వేళ, పెద్దర్ రోడ్డు ఎత్తు ఎదురగును. మొదటి పది కిలోమీటర్లలో మిగిల్చుకొన్నదే అక్కడ అక్కరకు వచ్చును.

ఈ వారములలో కొత్త బూట్లు కొనరాదు. భారతదేశపు గొప్ప మారథాన్ వీరుడు శివనాథ్ సింగ్ పాదరక్షలు లేక పరుగెత్తుటకు పేరుపొందినవాడు. 1978లో జలంధరులో అతడు 2 గంటల 12 నిమిషములలో పూర్తిచేసిన పరుగును నలుబది ఏండ్లకు పైగా ఏ భారతీయుడు మించలేదు. అతనిని చూచి మనము బూట్లు విడువనక్కరలేదు. ఏ పాదమునకు ఏది అలవాటో దానితోనే పందెమునకు పోవలెనను నీతిని మాత్రము గ్రహింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది కడపట చెప్పుచున్నాము. జ్వరముతో పరుగెత్తరాదు. పరుగులో రొమ్ము నొప్పి గాని, కన్నులు చీకట్లు క్రమ్ముట గాని జరిగినవారు, ఇంటిలో చిన్నవయస్సున గుండెజబ్బుతో పోయినవారు గలవారు, వైద్యునికి చూపించుకొనక పందెమునకు దిగరాదు. నొప్పి తెలియకుండ మాత్రలు మ్రింగి పరుగెత్తుట మూత్రపిండములకు కీడు. నాలుగు మాసముల శ్రమ వ్యర్థమైనదే యని దుఃఖము కలుగును. ఆ దుఃఖమును మేము దగ్గరనుండి చూచితిమి. కాని పందెము మరుసటి ఏట మరల వచ్చును. ఒక ఏడు కాపు తప్పినదని చెట్టును నరుకువాడు లేడు.

మా మిత్రుడు మరుసటి ఏడు మరల సాధన చేసెను. ఈసారియు ఒక పెద్ద పరుగు తప్పినది. దానిని పూడ్చుకొనలేదు. చివరి మూడు వారములు చిన్న పరుగులతో, పెద్ద నిద్రలతో గడపెను. భోగినాడు మేము నలుగురము నాలుగు కిలోమీటర్లు మాత్రము పరుగెత్తి, మంట దగ్గర నిలుచుండి చలి కాచుకొంటిమి. ముంబయిలో అతడు ఐదు గంటలు దాటిన తరువాత గమ్యము చేరెను. వేలమంది అతనికంటె ముందే చేరియుండిరి. అతడు దానిని లెక్కపెట్టలేదు.

రైలు దిగి ఇల్లు చేరిన సాయంకాలము, మెట్లు దిగుటకు కాళ్లు వంగక పోయినను, అతడు మమ్ము తన తోటకు తీసికొనిపోయెను. చెట్ల నిండ పూత. క్రింది కొమ్మలలో అక్కడక్కడ పిందె కట్టుచుండెను. ఒక గెలను చేతిలోకి తీసికొని కొంతసేపు చూచి, "ఇంకొంచెం ఊరనివ్వాలి, తర్వాత తడి పెట్టుకుందాం" అనెను. చెట్టును గూర్చి అనెనో, తన కాళ్లను గూర్చి అనెనో మేము అడుగలేదు.