నరముల వ్యాధులు - మన అన్నము, మన నీరు
(బండారులంక మహాసభలో చేసిన ఉపన్యాసము)



కాలు పడిపోయినను, చేయి వణకినను, ఒడలు తిమ్మిరెక్కినను మనవారు "వాతము" అని ఊరకుందురు. చరకుడు వాతవికారములను 80గా విభజించెను. ఆ శాస్త్రమునకు వారసులమైన మనము అన్నింటికిని ఒకే మాట చెప్పుట వింతగా నున్నది. నరముల వ్యాధులకు కారణము వెదకుట పెద్ద యంత్రములుగల నగరవైద్యశాలలకే చెల్లునని పలువురి తలంపు. ఉష్ణదేశములలోని బీదజనుల విషయమున అది సరికాదని నా మనవి.

బెరిబెరి కథ వినుడు. ఈ వ్యాధిలో కాళ్లు మొద్దుబారి, కండలు క్షీణించి, నడక పోవును. కొందఱికి గుండె చెడి ప్రాణమే పోవును. మాల్కంసన్ అను వైద్యుడు 1835లో చెన్నపట్టణమున దీనిపై గ్రంథము ప్రకటించెను. నాడు ఈ వ్యాధి మన ఉత్తర సర్కారులలో ప్రబలియుండెను. కారణము మాత్రము జావాద్వీపమున దొరికెను. తెల్లబియ్యము తిన్న కోళ్లు నడవలేక కూలుటయు, తవుడుగల బియ్యము పెట్టగా కోలుకొనుటయు ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు కనిపెట్టెను. తెల్లబియ్యములో విషమున్నదని ఆయన తొలుత తలచెను. విషము కాదు, తవుడులోని పదార్థము లేకపోవుటయే మూలమని 1901లో గ్రెయిన్స్ తేల్చెను. అదియే థయమిను అను విటమిను. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ పీడ మన సర్కారులకే ఏల? తమిళజిల్లాలలో ఉప్పుడుబియ్యము వాడుకలో నుండెను. ధాన్యమును నానవేసి ఉడికించినపుడు తవుడులోని సారము గింజలోనికి దిగును. మనమో పచ్చిబియ్యమును మరపట్టించి, పలుమాఱులు కడిగి, గంజి వార్చితిమి. తవుడు గేదెకు, కడుగునీరు కుడితితొట్టికి, తెల్లని అన్నము మనకు! ఈ వ్యాధి విచారణకై 1918లో కూనూరున మక్కారిసన్ ఆరంభించిన చిన్న శాఖయే పెరిగి 1958లో హైదరాబాదు చేరి, నేటి జాతీయ పోషకాహార సంస్థయైనది.

అన్నము వలెనే నీరు. 1937లో షార్ట్ మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వ్యాధిని వెల్లడించిరి. ఎముకలు మందమై, వెన్నుపాము నొక్కబడి, కాళ్లు చచ్చుపడు ఈ దురవస్థకు మూలము బావినీటిలోనే యుండెను.

కావున ఇట్టి పరిశోధనమునకు ముందు వలసినది ఇంటింటి లెక్క. వైద్యశాలకు రాగలిగినవారినే లెక్కించినచో, అరుగుమీద మంచముపట్టియున్నవాడు లెక్కకు రాడు. అంతకంటె పెద్ద అడ్డు మనమే. మూర్ఛవ్యాధిగల పిల్లను పెండ్లి చెడునని దాచుచున్నాము. హిందూ వివాహచట్టమున 1976 సవరణ మొదలు మూర్ఛ ఒక ప్రతిబంధకముగా నుండెను. 1999లో దానిని తొలగించిరి. చట్టము విడిచినను సంబంధములు చూచు పెద్దలు విడువలేదు.

గుంటమగ్గమున కూర్చుండువారికి కాళ్లు తిమ్మిరెక్కుట ఇచట అందఱెఱిగినదే. ఇందు పనివలన నెంత? మధుమేహమువలన నెంత? ఆహారలోపమువలన నెంత? కుష్ఠు తొలిగుఱుతు ఎవరికైన కలదా? ఈ ప్రశ్నలకు సమాధానము మన వీధులలోనే దొరకవలెను. వైద్యము చదువు మన యువకుడొకడు ఈ పనికి పూనుకొన్నచో, విద్యార్థి వేతననిధినుండి ఒక యేటి ఖర్చు భరించుటకు సభవారు తీర్మానింపవలెననియు, అతడు గుమ్మములోనికి వచ్చిన దినమున ఎవరును రోగిని లోపలిగదిలో దాచరాదనియు కోరుచున్నాను.