గంట ఒక పిలుపు



గుడిలో గంట కొట్టేది దేవతల్ని రమ్మని, కీడును పొమ్మని చెప్పడానికి అంటారు పెద్దలు. అడవిలో మేసే ఆవు జాడ చెప్పేదీ మెడలో గంటే. ఆదిలాబాద్ గోండుల దండారి పండుగలో గుస్సాడీలు నడుముకు గంటలు, కాళ్లకు గజ్జెలు కట్టి ఆడతారు. ఆ ఆటకే కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది.

మన జిల్లాలో బుడితి కంచు, ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కంచంటే రాగిలో తగరం కలిపిన లోహం. ఆ కలయికతోనే అంత నాదం.

మీ ఇంటి అటక మీద తాతల గజ్జెలుంటే దించండి. ఏ పండుగకు, ఎవరు కట్టేవారో అడిగి రాసుకోండి. తరువాత కట్టుకుని ఆడండి. మోగించేవారు లేకపోతే గంట కూడా వట్టి లోహమే.