ఎవరికి ఇవ్వాలో యంత్రం చెప్పగలదా?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. కంప్యూటరు శాస్త్రం చదివినవాణ్ణి కాను. అయినా కార్యదర్శిగారు ఈ విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. కారణం మీ అందరికీ తెలిసిందే. ఈ ఏడు వితంతువుల సహాయానికి, పిల్లల స్కాలర్‌షిప్పులకు దరఖాస్తులు మనకున్న నిధికి మించి వచ్చాయి. మన యువ సభ్యులు కొందరు, "కృత్రిమ మేధ అనేది వచ్చింది గదా, దరఖాస్తులన్నీ దానికి అప్పగిస్తే ఎవరు అర్హులో, ఎవరు కారో అదే మార్కులు వేసి చెబుతుంది. సిఫారసుల బాధ తప్పుతుంది" అని ప్రతిపాదించారు. వారి ఉద్దేశం మంచిది. కాబట్టి దీనిని తేలిగ్గా కొట్టివేయడం న్యాయం కాదు. ఆలోచించి చూడవలసిన విషయం.

ముందుగా, ఈ యంత్రం ఎలా పని చేస్తుందో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. మనం దానికి పాత లెక్కలు ఇస్తాము. గతంలో ఎవరికి సహాయం అందింది, ఎవరికి అందలేదు, ఎవరిని మోసగాళ్లన్నారు అనే లెక్కలు. అది వాటిలో పోలికలు వెతికి, కొత్తగా వచ్చిన మనిషిని ఆ పోలికలతో తూచుతుంది. కొత్తగా వచ్చిన మాస్టరు పిల్లవాణ్ణి ఒక్క ప్రశ్న అడగకుండా, పోయిన ఏటి మార్కుల రిజిస్టరు, వాడి అన్న మార్కులు చూసి "వీడు ఫెయిలవుతాడు" అన్నట్టన్నమాట. ఒక్కోసారి ఆ మాట నిజమూ కావచ్చు. కాని పాత మాస్టరు పక్షపాతి అయితే, ఆ పక్షపాతం కూడా రిజిస్టరుతో పాటే కొత్త మాస్టరుకు సంక్రమిస్తుంది.

ఇది ఊహ కాదు. నెదర్లాండ్స్ దేశంలో జరిగింది. అక్కడ పిల్లలను సంరక్షణ కేంద్రాల్లో ఉంచి పనికి పోయే తల్లిదండ్రులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. అందులో మోసాలను పట్టడానికి 2013 నుంచి అక్కడి పన్నుల శాఖ ఒక కంప్యూటరు పద్ధతిని వాడింది. అది ప్రతి దరఖాస్తుకు అనుమానపు మార్కులు వేసేది. ఆ దేశ పౌరసత్వం లేకపోవడమే అనుమానానికి ఒక కారణంగా అందులో చేర్చారు. వేలాది కుటుంబాల మీద అన్యాయంగా మోసగాళ్లన్న ముద్ర పడింది. టర్కీ, మొరాకో, సూరినామ్ మూలాలున్నవారు అందులో ఎందరో ఉన్నారు. చిన్న సంతకం లోపానికి కూడా ఏళ్ల తరబడి తీసుకున్న సొమ్మంతా తిరిగి కట్టమన్నారు. ఇళ్లు పోయాయి, కాపురాలు విడిపోయాయి. ఆ కుటుంబాల్లో వెయ్యికి పైగా పిల్లలు తల్లిదండ్రులకు దూరమై ప్రభుత్వ సంరక్షణలోకి పోయారు. చివరికి 2021 జనవరిలో ప్రధాని మార్క్ రుట్టె మంత్రివర్గమే ఈ వ్యవహారం మీద రాజీనామా చేసింది.

అదే దేశంలో రోటర్‌డామ్ నగరముంది. అక్కడ 2017 నుంచి 2021 వరకు, భృతి పొందేవారిలో ఎవరిని తనిఖీ చేయాలో ఒక యంత్రం సూచించేది. అది మనిషిని గురించి 315 సంగతులు చూసేది. అందులో ఒకటి డచ్చి భాష ఎంత వచ్చు అన్నది. సోదరులారా, భాష రాకపోవడం నేరమా? మన బడిలో చదివిన పిల్లవాడు తెలుగు ఫారం నింపలేక తికమకపడితే వాడు అబద్ధాలకోరని ఎవరైనా అంటారా? ఎదురుగా కూర్చున్న మనిషి అనకపోవచ్చు. యంత్రం మాత్రం నోరు విప్పకుండా అంత పనీ చేసింది.

దూరదేశాల మాట వదలండి. మన తెలంగాణలో 'సమగ్ర వేదిక' అనే కంప్యూటరు పద్ధతి ఉంది. అనేక శాఖల దగ్గరున్న వివరాలు, అంటే వాహనాలు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు వగైరా, ఒకచోట చేర్చి, ఈ పేరుగలవాడూ ఆ పేరుగలవాడూ ఒక్కరేనా అని అది జత చేస్తుంది. 2014, 2019 మధ్య మన రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి. అందులో బోగస్ కార్డులు లేవని నేననను. కాని ఇంటికి వచ్చి చూడకుండానే పేర్లు తీసేశారని కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2022లో కోర్టు ఆ కార్డులను మళ్లీ స్వయంగా పోయి విచారించమని ఆదేశించింది. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుని కుటుంబానికి కారుందని కంప్యూటరు చెప్పిందట. కారున్నది మరొకాయనకు. ఇద్దరి పేర్లూ దగ్గర దగ్గరగా ఉండటమే ఆ పేద కుటుంబం చేసుకున్న పాపం. ఈ సంగతి 2024లో పత్రికల్లో వచ్చింది.

ఈ పేర్ల సంగతి మన మొహల్లాల్లో ఎంత పెద్దదో నాకు తెలుసు. తెలుగువారికి ఇంటిపేరుంటుంది. మనకు చాలామందికి అది లేదు. మహమ్మద్ అనే పేరే ఒక కాగితంలో ఎం.డి., మరొకదానిలో మొహమ్మద్, ఇంకొకదానిలో మహ్మద్. షేక్, షైక్, ఎస్.కె. మూడూ ఒకటే. ఉర్దూలో 'ఖాఫ్'తో రాసే ఖాదర్ తెలుగులో ఖాదర్, కాదర్, ఇంగ్లీషులో మరో నాలుగు విధాలు. ఆడవాళ్ల పేరు చివర బేగం, బీ అని ఒకరు రాస్తారు, ఒకరు వదిలేస్తారు. ఒకే గల్లీలో ఒకే పేరు, ఒకే తండ్రి పేరు గల ఇద్దరు ఆపాలుంటారు. యంత్రం ఇద్దరిని ఒకరిగా కలుపుతుంది, లేదా ఒక్కరినే ఇద్దరుగా చీలుస్తుంది. రెండు విధాలా నష్టం బీదవారికే.

ఈ సందర్భంలో నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒక అమ్మాయిని బడిలో చేర్చుకునేటప్పుడు, వాళ్ల అమ్మ చెప్పిన పేరును తొందరలో రిజిస్టరులో ఒక విధంగా రాశాను. ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో మరో విధంగా ఉంది. ఆ ఏడు ఆ పిల్లకు స్కాలర్‌షిప్పు రాలేదు. ఆ తల్లి బీడీలు చుట్టే మనిషి. పని మానుకొని ఏడుసార్లు బస్సెక్కి తిరిగింది. తిరిగిన ప్రతిసారీ ఆ రోజు కూలి పోయింది. "మాస్టర్ సాబ్, కంప్యూటర్ ఒప్పుకోవడం లేదంటున్నారు" అని నా దగ్గరికే వచ్చి చెప్పుకుంది. అది నా చేతిరాత అని నేనామెకు చెప్పలేదు. రిజిస్టరు దిద్దించాను గాని చెప్పలేదు. కంప్యూటరు తప్పు చేసిందని ఊరుకోవడం నాకూ సుఖంగానే ఉంది. ఈ యంత్రాల వల్ల వచ్చే పెద్ద ప్రమాదం ఇదేనని నా అభిప్రాయం. తప్పు ఎవరిదో కనపడదు, క్షమాపణ చెప్పవలసినవాడు కనపడడు.

ఇక ఆచారాల సంగతి. భర్త పోయిన స్త్రీ ఇద్దత్‌లో నాలుగు నెలల పది రోజులు గడప దాటదు. వేలిముద్రకు పిలిచిన తేదీ ఆ రోజుల్లో పడితే యంత్రం "హాజరు కాలేదు" అని రాసుకుంటుంది. పాత ఇళ్లలో ముగ్గురు అన్నదమ్ముల పొయ్యిలు మూడు, మీటరు మాత్రం ఒకటే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత పథకాలకు పెట్టిన నిబంధనల్లో నెలకు 300 యూనిట్ల కరెంటు ఒక హద్దు. అది కృత్రిమ మేధ కూడా కాదు, మామూలు లెక్కే. అయినా మూడు కాపురాల కరెంటును ఒక్క కాపురం ఖాతాలో వేస్తే పేదవాడు ధనవంతుడైపోతాడు. ఇది మన ఒక్కరి బాధ కాదు. పొట్ట చేతబట్టుకొని వలస పోయే పాలమూరు కూలీకి, తండాలోని లంబాడీ తల్లికి కూడా ఇదే గతి.

అయితే మనుషులు మాత్రం తప్పు చేయరా? చేస్తారు. నిజం చెప్పుకుందాం. మన కమిటీలో కూడా "ఫలానా వారి చుట్టం" అన్న మాట వినపడలేదా? నోరున్న ఆమెకు ముందు, నోరులేని ఆమెకు తర్వాత అందలేదా? యువకులు యంత్రం కావాలన్నది మన పెద్దల మీద నమ్మకం సడలబట్టే. ఆ సంగతి మనం మరువరాదు.

అందుచేత నా మనవి ఇది. దరఖాస్తులు వరుసలో పెట్టడానికి, ఏ కాగితం తగ్గిందో చెప్పడానికి, తేదీలు గుర్తు చేయడానికి యంత్రాన్ని వాడుకుందాం. "ఈ ఇల్లు ముందు చూడండి" అని అది చెబితే విందాం. కాని "ఇవ్వము" అనే మాట మాత్రం యంత్రం అనకూడదు. ఆ మాట అనేముందు ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు స్త్రీ, ఆ ఇంటికి పోయి చూడాలి. కాదన్నప్పుడు కారణం ఆమెకు వచ్చిన భాషలో, ఉర్దూలోనో తెలుగులోనో, రాసి ఇవ్వాలి. కింద ఒక మనిషి సంతకం ఉండాలి. నెల లోపల మళ్లీ అడిగే హక్కు ఉండాలి. యూరపు దేశాల కూటమి సైతం 2024లో చేసిన చట్టంలో, ప్రభుత్వ సహాయానికి అర్హులను నిర్ణయించే యంత్రాలను ఎక్కువ ప్రమాదం గలవాటి జాబితాలో చేర్చింది.

సూరె తౌబాలో జకాత్‌కు ఎనిమిది వర్గాలు చెప్పబడ్డాయి. సూరె బఖరాలో, చేయి చాపని పేదల ప్రస్తావన ఉంది. వారి అభిమానం చూసి తెలియనివారు వారిని కలిగినవారనుకుంటారు. అటువంటి వారు ఏ ఫారంలో కనపడతారు? హజ్రత్ ఉమర్ (రజి.) రాత్రిపూట మదీనా వీధుల్లో తిరిగి, ఆకలితో ఏడ్చే పిల్లలున్న ఇంటికి పిండి మూట తన వీపు మీదే మోసుకుపోయారని చరిత్ర చెబుతుంది. సేవకుడు నేను మోస్తానంటే ఒప్పుకోలేదట. ఆ బరువుకు రేపు తానే జవాబు చెప్పుకోవాలి గనుక.

మన బరువు కూడా యంత్రం మోయదు. ఆ బీడీలు చుట్టే తల్లి ఈ రోజు సభకు వచ్చిందో లేదో నాకు తెలియదు. వచ్చి ఉంటే, ఆమె నన్ను క్షమించాలని ఈ సభా ముఖంగా కోరుకుంటున్నాను. రాకపోతే రేపు ఆమె ఇంటికే పోయి చెబుతాను.

అల్లాహ్ మన సంఘాన్ని న్యాయమార్గంలో నడిపించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.