ఆటస్థలంలో మెడదెబ్బ: లేపకండి, కదలనీయకండి

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లవాడు ఆటలో పడిపోగానే నలుగురం పరుగెత్తుతాం. ఒకరు చేయిపట్టి లేపుతారు, ఇంకొకరు హెల్మెట్ గుంజుతారు, మరొకరు నీళ్ళు తాగిస్తారు. అందరిదీ ప్రేమే. కాని మెడకు దెబ్బ తగిలి ఉంటే ఆ ప్రేమే ముప్పు తేవచ్చు. మెడలోని ఏడు ఎముకల నడుమనుండి వెన్నుపాము దిగుతుంది. ఎముక విరిగినా వెన్నుపాము బాగానే ఉండవచ్చు. మన చేతి కుదుపుకు అది నలిగిందంటే కాళ్ళు చేతులు శాశ్వతంగా పడిపోవచ్చు.

హెల్మెట్ ఉంది గదా, మెడకేమౌతుంది అనవద్దు. 2014 నవంబరు 25న సిడ్నీలో ఆస్ట్రేలియా ఆటగాడు ఫిలిప్ హ్యూస్ హెల్మెట్‌తోనే ఆడుతున్నాడు. బంతి దాని కింద మెడకు తగిలి రక్తనాళం చిట్లింది. రెండు రోజులకు కన్నుమూశాడు.

అమెరికా ఫుట్‌బాల్ వేరు. తలకు హెల్మెట్, భుజాలకు మందపాటి ప్యాడ్లు కట్టుకొని ఢీకొంటారు. వెల్లకిలా పడినవాడి తలను హెల్మెట్, ఒంటిని ప్యాడ్లు సమానంగా ఎత్తి ఉంచుతాయి. హెల్మెట్ ఒక్కటే తీస్తే తల వెనక్కి వాలిపోతుంది. అందుకే తీస్తే రెండూ తీయాలి, లేకుంటే రెండూ ఉంచాలి అన్నారు. ఆస్పత్రికి పంపేముందే రెండూ తీయాలని 2015లో అక్కడి నిపుణులు చెప్పారు. అయితే ఆ పనికి శిక్షణ పొందినవారు కనీసం ముగ్గురుండాలన్నారు.

మన మైదానంలో ఆ ముగ్గురేరీ? కనుక మనం చేయగలిగింది ఇది. మెడనొప్పి, కాళ్ళు చేతుల్లో తిమ్మిరి, బలహీనత ఉన్నా, స్పృహ లేకున్నా మెడదెబ్బేనని అనుకోవాలి. "కదలకు నాయనా, తల ఊపకు" అని చెప్పాలి. ఒకరు తలవైపు మోకాళ్ళమీద కూర్చొని, రెండు చేతులతో తలను ఉన్నది ఉన్నట్టే పట్టుకోవాలి. బలవంతంగా సరిచేయరాదు. మరొకరు 108కి ఫోన్ చేయాలి. నీళ్ళు పోయవద్దు, ఆటోలో కూలవేయవద్దు. శ్వాస ఆడుతుంటే హెల్మెట్ జోలికి పోవద్దు. వాంతి వస్తే తల పట్టినవాడు లెక్కపెట్టగా తల, మెడ, ఒళ్ళు ఒక్క దుంగలాగా అందరూ కలిసి పక్కకు తిప్పాలి. శ్వాస ఆగితే మాత్రం ప్రాణమే ముందు. హెల్మెట్ అడ్డమైతే ఒకరు కింద మెడను, దవడను ఆపుతుండగా ఇంకొకరు మెల్లగా తీయాలి. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఇవి విన్నంత మాత్రాన రావు, చేతికి అలవాటు కావాలె. ఏడాదికొక్క రోజు మన యువకులకు ప్రథమచికిత్స శిక్షణ ఇప్పించమని సంఘాన్ని కోరుతున్నాం. టోర్నమెంటుకు కప్పు కొనే డబ్బులోంచి కొంత దీనికి తీసినా నష్టం లేదు.