హెర్నియా ఆపరేషన్: వల ధర రైతుకు అడ్డం కాకూడదు
(మండల ఆరోగ్య సదస్సులో ప్రసంగ పాఠం)



గజ్జల్లో బుడిపె వచ్చినా ఎవరికీ చెప్పకుండా బస్తాలు మోసేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. మగవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పొట్ట అడుగున కండ పొర బలహీనపడిన చోట పేగు బయటికి తోసుకొస్తుంది. అదే హెర్నియా. బరువెత్తినా, దగ్గినా ఉబ్బుతుంది. పడుకుంటే లోపలికి పోతుంది. మందులు, పసర్లు, పట్టీలు ఆ కంతను పూడ్చలేవు. బాధ లేనివాళ్లు డాక్టరుకు చూపించుకుంటూ కొంతకాలం ఆగొచ్చు. బుడిపె గట్టిపడి లోపలికి పోకుండా నొప్పి, వాంతులు మొదలైతే మాత్రం తెల్లారేదాకా కూడా ఆగొద్దు. పేగు కుళ్లితే ప్రాణానికే ముప్పు.

పూర్వం కంత అంచులను దగ్గరికి లాగి కుట్టేవారు. ఆ బిగువుకు చాలామందికి మళ్లీ వచ్చేది. 1980లలో అమెరికా సర్జన్ లిక్టెన్‌స్టీన్ ఏమీ లాగకుండా, కంత మీద వల పరిచి కుట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. వల సందుల్లోకి మన కండే పెరిగి గట్టిపడుతుంది. ఈ వల ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. బస్తాలు నేసే ప్లాస్టిక్ జాతే అది.

మహారాష్ట్రలోని ధులే జిల్లా దోండాయిచాలో డాక్టర్ టోంగావ్‌కర్ దోమతెర గుడ్డను క్రిమిరహితం చేసి ఇదే పనికి వాడి చూపించారు. ఉగాండాలో 302 మంది మగవాళ్లపై జరిగిన పరిశీలన 2016లో అచ్చయింది. ఏడాది తర్వాత చూస్తే దోమతెర వల వేసినవారిలో ఒక్కరికే మళ్లీ వచ్చింది; ఖరీదైన వల వేసినవారిలో ఎవరికీ రాలేదు. చెప్పుకోదగ్గ తేడా లేదన్నమాట. ఇంట్లో దోమతెర పట్టుకెళ్లమని కాదు మేం చెప్పేది. వల ఖరీదు సాకుగా పేదవాడిని వెనక్కి పంపడం కుదరదని.

ఆపరేషన్ తర్వాత త్వరగానే నడవొచ్చు. బరువులు మాత్రం డాక్టరు చెప్పిన వారాలు ఎత్తకూడదు. అత్యవసరం కాకపోతే నాట్లు, కోతలు చూసుకుని తేదీ పెట్టుకోండి. కొందరికి నొప్పి నెలల తరబడి ఉండొచ్చు. ఊరుకోకుండా మళ్లీ చూపించుకోండి.

సంఘంగా మనం అడగాల్సింది ఇది: ఏరియా ఆసుపత్రిలో సర్జనూ, మత్తు డాక్టరూ, వలా మూడూ ఉండాలి. వల బయట కొనుక్కురమ్మనకూడదు. కోలుకునే రోజులకు కూలి భృతి ఇవ్వాలి. గ్రామ కమిటీలు ఆపరేషన్ అవసరమైనవారి జాబితా రాయండి. అందరం కలిసి ఆసుపత్రికి వెళ్దాం.