బూడిద ఇటుక – నలుగురి పొత్తు

భవానీపురమునకు ఎగువన, ఇబ్రహీంపట్నములో 1979లో విద్యుత్కేంద్రము పని మొదలిడినది. నాటినుండి అచట బొగ్గు కాలగా మిగిలిన బూడిద గుట్టలుగా పెరిగినది. ఇటు మనము పొలముల పైమట్టిని త్రవ్వి, బట్టీలలో కాల్చి, ఇండ్లు కట్టుకొనుచు వచ్చితిమి. బూడిదకు చోటు చాలదు. పోయిన మట్టి తిరిగి రాదు.

ఈ రెండు చిక్కులకును ఒకటే విరుగుడు కలదు. విశాఖపట్నమునకు చెందిన పరిశోధకులు భానుమతీదాస్, కాళిదాస్‌లు బూడిద, సున్నము, జిప్సము కలిపి, కాల్చకయే గట్టిపడు ‘ఫాల్-జి’ ఇటుకను రూపొందించిరి. థర్మల్ కేంద్రమునకు 50 కిలోమీటర్లలోపు చేయు ఇటుకలలో బూడిద కలుపవలెనని 1999లో కేంద్ర ప్రభుత్వము ఉత్తరువు చేసినది. తరువాత ఆ దూరమును పెంచినది.

అయినను ఉత్తరువు ఒక్కటియే ఇల్లు కట్టదు. బూడిద నిచ్చువారు, లారీవారు, ఇటుకలు చేయువారు, మేస్త్రీలు ఒకచోట కూర్చుండి మాటలాడుకొనవలెను. లారీపై పట్టా కప్పనిచో ఆ దుమ్ము త్రోవప్రక్క వారి యిండ్లలో పడును. తొందరపడి, చాలినన్ని దినములు నీరు పట్టక అమ్మిన ఇటుక గోడలో పగులును. అపకీర్తి మాత్రము అందరికిని వచ్చును.

ఈ పొత్తులో ఇల్లు కట్టించుకొను మనకును పాలు కలదు. ఇటుక కొనబోవునపుడు ధర యొక్కటియే అడుగక, ఎన్ని దినములు నీరు పట్టిరో కూడ అడుగుదము. ఆ ప్రశ్నతోనే మంచి ఇటుకకు గిరాకీ కలుగును. పొలములో మట్టియు నిలుచును.